కంప్యూటర్లకూ కావాలొక గాదె!

అమలాపురం (మా విలేకరి):

వెనకటి రోజుల్లో కోనసీమలో రైతు ఇంటికి వెళితే అటక మీద ఒక రేకు పెట్టె కనిపించేది. భూమి దస్తావేజులు, పారీఖత్తులు, పన్ను రశీదులు, పిల్లల జాతకాలు అన్నీ అందులోనే. 1996 నవంబరు 6 నాటి తుపానులో కప్పు లేచిపోతుంటే, ఈ విలేకరి తాతగారు ముందుగా చేతికి తీసుకున్నది ఆ పెట్టెనేనని ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరికి ఏ కాగితం కావాలన్నా నిచ్చెన వేసుకుని అటక ఎక్కితే సరిపోయేది.

ఇప్పుడు ఆ కాగితాలన్నీ ఫొటోలయ్యాయి. పాసు పుస్తకం నాన్న ఫోనులో, ఆధారు కార్డు అమ్మ ఫోనులో, మార్కుల జాబితా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో, పెళ్లి వీడియో ఏ పెన్‌డ్రైవులో ఉందో ఎవరికీ గుర్తులేని స్థితి. ఒక్క ఇంట్లో నాలుగైదు యంత్రాలు, వాటిలో తలో ముక్క. ఏది పాడైతే దానిలోని సరుకు దానితోపాటే పోతుంది.

దీనికి విరుగుడు పెద్ద ఖర్చుతో కూడుకున్నదేమీ కాదు. మూలనపడ్డ పాత కంప్యూటరు ఒకటి, కొత్త డిస్కు ఒకటి, రౌటరు వరకు ఒక కేబులు ఉంటే ఇంటిల్లిపాదికీ ఉమ్మడి నిల్వ పెట్టె తయారవుతుంది. అయితే ఆ పెట్టె ఒక్కటే చాలుననుకుంటే దెబ్బతింటాం. ఆ దెబ్బ ఎలా ఉంటుందో ఈ విలేకరి ఇంట్లోనే తెలిసివచ్చింది.

గొంతు పోయింది

మా నాన్నగారు 2023లో కన్నుమూశారు. అంతకు కొద్ది నెలల ముందు ఆయన తోటలో తిరుగుతూ, ఏ వరస కొబ్బరిచెట్లు ఎవరి వాటా, బోదె ఎటు మళ్లుతుంది, గట్టు మీద మామిడిచెట్టు ఎవరిది అన్నీ వివరంగా చెప్పారు. ఆ మాటలు ఫోనులో పట్టి కంప్యూటరులో దాచాం. పదకొండు నిమిషాల మాట. తాతల నాటి పారీఖత్తు కాగితాల ఫొటోలు కూడా అక్కడే ఉన్నాయి. పత్రికకు తీసిన పన్నెండేళ్ల ఫొటోల సంగతి సరేసరి.

2024 మే నెలలో ఒక సాయంత్రం ఉరుములతో వాన పడింది. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. ఆ తరువాత కంప్యూటరు లేవలేదు. పట్నంలో మరమ్మతు చేసే కుర్రాడికి చూపిస్తే, "డిస్కు పోయిందండీ. హైదరాబాదు పంపితే చూస్తారు గాని, వస్తాదని మాత్రం చెప్పలేనండి" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ సరిగా భోంచేయలేదు.

అదృష్టం ఏమిటంటే కువైట్లో ఉన్న తమ్ముడికి ఆ రికార్డింగును అప్పట్లో వాట్సాప్‌లో పంపి ఉన్నాం. వాడు తుడిచివేయలేదు. "అన్నయ్యా, నాన్న మాట నా దగ్గరుంది" అని ఫోను చేశాడు. పారీఖత్తు ఫొటోలు మాత్రం మళ్లీ తీసుకోవలసి వచ్చింది. పన్నెండేళ్ల వార్తల ఫొటోలు పోయినట్లే.

రెండోచోట ఉన్నది నిలిచింది, ఒక్కచోటే ఉన్నది పోయింది.

ఏమిటీ పెట్టె?

ఈ పెట్టె కూడా కంప్యూటరే. కాకపోతే దాని ముందు ఎవరూ కూర్చోరు. తెర అక్కరలేదు, మీటల పలక అక్కరలేదు. రౌటరుకు కేబులుతో తగిలించి మూలన పెడితే, ఇంట్లోని మిగతా కంప్యూటర్లకు, ఫోన్లకు అది తమ సొంత డిస్కులాగే కనిపిస్తుంది. మనం దాచింది అక్కడ చేరుతుంది. అమ్మాయి తన ల్యాప్‌టాప్‌లో తెరిచినా అదే కనిపిస్తుంది.

ఒక ముఖ్య విషయం. దీనికి ఇంటర్నెట్ అవసరం లేదు, రౌటరు వెలుగుతుంటే చాలు. 2017 డిసెంబరు 27న అప్పటి రాష్ట్రపతి రామనాథ్ కోవింద్ చేతుల మీదుగా ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైన తరువాత పల్లెల్లోనూ రౌటర్లు వెలిశాయి. బయట తీగ తెగి నెట్ రాకపోయినా, ఇంట్లోని యంత్రాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి ఆ రౌటరే వంతెన.

ఇదేమీ కొత్త విద్య కాదు. ఒక కంప్యూటరులోని ఫైళ్లను మరో కంప్యూటరు నుంచి తెరిచే ఏర్పాటును అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ 1984లోనే తెచ్చింది. అదే దశకంలో ఐబీఎం వారు తయారుచేసిన ఎస్ఎంబీ అనే పద్ధతిని తరువాత విండోస్ అందిపుచ్చుకుంది. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో చదువుకుంటున్న ఆండ్రూ ట్రిడ్జెల్ ఈ భాషను విండోస్ లేని యంత్రాలకు కూడా నేర్పే పని 1991 చివర్లో మొదలుపెట్టాడు. ఆ మూడక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం కంప్యూటరులోని పదాల పట్టికలో వెతికితే 'సాంబా' దొరికింది. ఈనాటికీ అదే పేరు. బజారులో దొరికే ఖరీదైన ఇంటి నిల్వ పెట్టెల్లో చాలావాటి లోపల పనిచేసేది ఈ సాంబాయే. మనం ఉచితంగా తెచ్చుకుని పాత కంప్యూటరులో పెట్టుకునేదీ ఇదే.

పాత యంత్రానికి కొత్త కొలువు

2025 అక్టోబరు 14తో విండోస్ పదికి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ముగిసింది. విండోస్ పదకొండు ఎక్కని పాత యంత్రాలు చాలా ఇళ్లలో ఉన్నాయి. పాత ఇనుము వాడికి వేసేముందు ఒకసారి ఆలోచించండి. ఉచితంగా దొరికే లైనక్స్ వేస్తే ఇలాంటి పనికి అది భేషుగ్గా పనికివస్తుంది. నాలుగు గిగాబైట్ల మెమరీ ఉన్నా చాలు.

ఈ విలేకరి వాడినది ఓపెన్‌మీడియావాల్ట్ అనే ఉచిత వ్యవస్థ. డెబియన్ లైనక్స్ మీద నడుస్తుంది. ట్రూనాస్ అని మరొకటి ఉంది గాని దానికి కనీసం ఎనిమిది గిగాబైట్ల మెమరీ కావాలి. పని ఇలా సాగింది.

మొదట వ్యవస్థను మరో కంప్యూటరులో దించుకుని పెన్‌డ్రైవులోకి ఎక్కించాలి. పాత యంత్రాన్ని ఆ పెన్‌డ్రైవుతో లేపాలి. ఇక్కడొక హెచ్చరిక. వ్యవస్థ ఎక్కే డిస్కు పూర్తిగా తుడిచిపెట్టుకుపోతుంది. కాబట్టి ఫొటోలున్న డిస్కులు ఏవైనా ఉంటే ముందు వాటి తీగలు ఊడదీసి పక్కన పెట్టాలి. వ్యవస్థకు చిన్న డిస్కు చాలు. మన సామాను దాచుకునేందుకు మరో పెద్ద డిస్కు వేరుగా ఉండాలి.

ఆ పని పూర్తయ్యాక తెర తీసేయవచ్చు. యంత్రాన్ని రౌటరుకు కేబులుతో కలిపి, మరో కంప్యూటరులో బ్రౌజరు తెరిచి పెట్టె చిరునామా కొడితే దాని అజమాయిషీ పేజీ వస్తుంది. ఈ చిరునామా 192.168.1.50 లాంటి అంకె. రౌటరు దీన్ని అప్పుడప్పుడు మార్చేస్తుంటుంది. అది మారకుండా రౌటరులోనే ఆ పెట్టెకు ఒక అంకెను శాశ్వతంగా కేటాయించాలి. ఇది చేయకపోతే, నిన్నటిదాకా కనిపించిన పెట్టె ఇవాళ కనిపించడం లేదని ఇల్లంతా గోల చేస్తుంది.

అజమాయిషీ పేజీలో ముందుగా పాస్‌వర్డు మార్చాలి. తరువాత పెద్ద డిస్కును సిద్ధం చేసి, దాని మీద ఉమ్మడి ఫోల్డర్లు పెట్టి, ఇంట్లో ఒక్కొక్కరికీ పేరు, పాస్‌వర్డు ఇచ్చి, ఎస్ఎంబీ సేవను ఆన్ చేయాలి. మార్పు చేసిన ప్రతిసారీ పేజీ పైన పసుపుపచ్చ పట్టీ వస్తుంది. అందులో అంగీకారం నొక్కితేనే మార్పు అమలవుతుంది. ఈ సంగతి తెలియక ఈ విలేకరి ఒక పూటంతా తల పట్టుకుని కూర్చున్న మాట వాస్తవం.

విండోస్‌లో 'మ్యాప్ నెట్‌వర్క్ డ్రైవ్' అనే చోట వెనక్కి వాలిన గీతలు రెండు, పెట్టె అంకె, మరో గీత, ఫోల్డరు పేరు కొడితే అది కొత్త డ్రైవులాగా వచ్చి కూర్చుంటుంది. ఐఫోనులో ఫైల్స్ అనే దానిలోనే సర్వరుకు కలిపే వీలుంది. ఆండ్రాయిడ్ ఫోన్లకు ఆ పని చేసే ఫైల్ మేనేజర్లు ఉచితంగా దొరుకుతాయి. పాస్‌వర్డు లేకుండా అందరికీ తెరిచిపెడదామంటే కొత్త విండోస్‌లు చాలావరకు ఒప్పుకోవు. అది మన మంచికే.

నాలుగు తీగలా, ఎనిమిదా?

పెట్టె సిద్ధమైంది గాని మొదటి రోజు నత్తనడక నడిచింది. అరవై గిగాబైట్ల ఫొటోలు ఎక్కడానికి గంటన్నర పట్టింది. కేబులు కుర్రాణ్ని పిలిస్తే తల గోక్కున్నాడు. చివరికి తేలిందేమంటే, కేబులులో ఎనిమిది తీగలుంటే కొసన నాలుగే బిగించి ఉన్నాయి. నాలుగు తీగల మీద సెకనుకు వంద మెగాబిట్లే పోతాయి. అంటే సుమారు పదకొండు మెగాబైట్లు. ఎనిమిదీ బిగిస్తే వెయ్యి మెగాబిట్లు, అంటే నూరు మెగాబైట్లకు పైమాట. అప్పుడు అదే అరవై గిగాబైట్లు పది నిమిషాల పని.

"ఆయ్, నెట్‌కి నాలుగు చాలు కదండీ అని వదిలేశానండి" అన్నాడు కుర్రాడు నవ్వుతూ. నెట్‌కు చాలవచ్చు. ఇంట్లో పెట్టెకు చాలదు. రౌటరులోని రంధ్రాలు కూడా వెయ్యి మెగాబిట్లవేనా అని చూసుకోవాలి. పెట్టెను మాత్రం వైఫైతో కాక కేబులుతోనే కలపాలి.

కరెంటు సంగతి కూడా లెక్క చూసుకోవాలి. పాత డెస్క్‌టాప్ ఖాళీగా ఉన్నప్పుడు యాభై వాట్లు తాగుతుందనుకుంటే రోజుకు 1.2 యూనిట్లు, నెలకు 36 యూనిట్లు. రాస్ప్‌బెరీ పై అనే అరచేతి కంప్యూటరైతే ఐదు వాట్ల చొప్పున నెలకు నాలుగు యూనిట్లలోపే. 2019లో వచ్చిన దాని నాలుగో రకం నుంచి వేగమైన యూఎస్‌బీ, వెయ్యి మెగాబిట్ల రంధ్రం రెండూ ఉన్నాయి. పాత యంత్రం ఉచితమే అయినా కరెంటు బిల్లులో తన వాటా తీసుకుంటుంది. అందుకే మా ఇంట్లో రాత్రి పదకొండుకు ఆపి పొద్దున్నే వేస్తుండేవాళ్లం. తరువాత అరచేతి కంప్యూటరుకు మారాం.

మన ఊళ్లలో కరెంటు చెప్పి పోదు. రాత పని జరుగుతుండగా ఆగిపోతే ఫైళ్లు చెడతాయి. పెట్టెకు, రౌటరుకు కలిపి చిన్న యూపీఎస్ ఉండి తీరాలి.

తలుపు వీధిలోకి తెరవొద్దు

పెట్టె తయారైన వెంటనే తమ్ముడు అడిగాడు, "కువైట్ నుంచి నేనూ చూడొచ్చా అన్నయ్యా?" అని. రౌటరులో ఒక ద్వారం తెరిస్తే చూడవచ్చు. కాని దొంగలకూ అదే ద్వారం. 2017 మే నెలలో 'వన్నాక్రై' అనే దుష్ట ప్రోగ్రాం ప్రపంచమంతటా ఫైళ్లకు తాళాలు వేసి డబ్బు అడిగింది. అది దూరింది ఈ ఎస్ఎంబీ పాత రకంలోని లొసుగు నుంచే. మన రాష్ట్రంలో కొన్ని పోలీసు స్టేషన్ల కంప్యూటర్లు కూడా దాని బారిన పడినట్లు అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

కనుక పెట్టెలో ఎస్ఎంబీ మొదటి రకాన్ని ఆపివేయాలి. కొత్త మార్పులు వచ్చినప్పుడల్లా ఎక్కించుకోవాలి. దూరాన ఉన్నవారికి కావాలంటే వీపీఎన్ అనే తాళం వేసిన సొరంగ మార్గం పెట్టించుకోవాలి. అది తెలియకపోతే అడిగిన ఫొటో అడిగినప్పుడు పంపడమే మేలు. తమ్ముడికి మేం అదే చేస్తున్నాం.

మేనల్లుడి చేతి వాటం

ఏడాదిపాటు పెట్టె చక్కగా నడిచింది. మా ఆవిడ కుట్టుపని చేస్తుంది. "ఏమండీ, ఆ జాకెట్టు డిజైను పాత ఫోనులో ఉందా, కొత్త ఫోనులో ఉందా?" అనే ప్రశ్న ఇంట్లో వినిపించడం మానేసింది. అమ్మాయి తొమ్మిదో తరగతి పాఠాలు, మా వార్తల ఫొటోలు, అమ్మ చూసుకునే తీర్థయాత్రల వీడియోలు, 'తాతయ్య' అనే ఫోల్డరులో నాన్నగారి గొంతు, అన్నీ ఒకేచోట చేరాయి. ప్రతి రాత్రి పది గంటలకు పెట్టెలోని సరుకంతా పక్కనే ఉన్న మరో డిస్కులోకి తనంతట తానే నకలయ్యేది. ఆర్‌సింక్ అనే ప్రోగ్రాం ఈ పని చేస్తుంది. 1996లో దాన్ని బయటపెట్టినవారిలో సాంబా తయారుచేసిన ట్రిడ్జెలే ఒకడు. ఇక భయం లేదనుకున్నాం.

2025 దసరా సెలవులకు మేనల్లుడు వచ్చాడు. తొమ్మిదేళ్లవాడు. ఆటలు దాచుకోవడానికి చోటు కావాలని అమ్మాయి ల్యాప్‌టాప్ నుంచి కనిపించిన ఫోల్డర్లలో రెండు తుడిచేశాడు. వాటిలో ఒకటి 'తాతయ్య'. ఎవరూ గమనించలేదు. నెట్‌వర్క్ డ్రైవులో తుడిచింది విండోస్ చెత్తబుట్టలోకి కూడా రాదు. నేరుగా పోతుంది. ఆ రాత్రి పది గంటలకు నకలు పని యథాప్రకారం జరిగింది. అసలులో లేనిదాన్ని నకలులోనూ తీసేసింది. మేం అలా చేయమనే చెప్పి ఉన్నాం మరి.

రెండు రోజుల తరువాత నాన్నగారి మాట విందామని అమ్మ అడిగింది. లేదు. పక్క డిస్కు చూస్తే అక్కడా లేదు. తమ్ముడికి ఫోను చేస్తే, "ఫోను మార్చేశాను అన్నయ్యా, పాత చాట్‌లు రాలేదు" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. లేచి లోపలికి వెళ్లిపోయింది.

అప్పుడు గుర్తుకొచ్చింది రావులపాలెం. వేసవిలో ఒకసారి మొత్తం సరుకును మూడో డిస్కులోకి ఎక్కించి మా మావగారి ఇంట్లో బీరువాలో పెట్టి వచ్చాం. ఆ సాయంత్రమే మోటారు సైకిలు మీద వెళ్లాం. "ఏంటల్లుడుగారూ, ఈ వేళప్పుడు?" అంటూనే ఆయన బీరువా తాళం తీశారు. గుడ్డలో చుట్టి ఉన్న డిస్కు అక్కడే ఉంది. నాన్నగారి మాట అందులో ఉంది. పదకొండు నిమిషాలూ ఉంది. దసరాకు ముందు నాలుగు నెలల ఫొటోల్లో ఆ రెండో ఫోల్డరువి మాత్రం పోయాయి.

తప్పు ఎక్కడ జరిగింది?

తప్పు పిల్లవాడిది కాదు. వాడికి తుడిచే అధికారం ఇచ్చింది మనం. ఇప్పుడు 'తాతయ్య', 'కాగితాలు' అనే ఫోల్డర్లను ఒక్కరు తప్ప మిగతావారు చూడగలరే గాని మార్చలేరు. ఉమ్మడి ఫోల్డరుకు చెత్తబుట్ట పెట్టే వీలు ఓపెన్‌మీడియావాల్ట్‌లోనే ఉంది. మొదట్లో దాన్ని ఆన్ చేయలేదు. ఇప్పుడు చేశాం. రాత్రి నకలు కూడా పాతదాన్ని చెరిపివేయకుండా తేదీల వారీగా కొన్నాళ్లు నిలిపి ఉంచేలా మార్చాం.

కొందరు రెండు డిస్కులను జంటగా కట్టి అదే భద్రత అనుకుంటారు. దీన్ని రెయిడ్ అంటారు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయానికి చెందిన ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ 1988లో ప్రచురించిన పత్రంతో ఈ పేరు ప్రచారంలోకి వచ్చింది. జంటలో ఒక డిస్కు చెడిపోతే రెండోది ఆదుకుంటుంది, నిజమే. కాని ఒకదాంట్లో తుడిచింది అదే క్షణాన రెండోదాంట్లోనూ పోతుంది. పిడుగు పడితే రెండూ పోతాయి. దొంగ పెట్టె ఎత్తుకుపోతే రెండూ పోతాయి.

వరద వచ్చినా అంతే. 2022 జూలైలో గోదావరి పొంగినప్పుడు కోనసీమ లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు ముంచెత్తితే విజయవాడ సింగ్‌నగర్‌లో కింది అంతస్తులు మునిగాయి. ఇంట్లో ఎన్ని నకళ్లున్నా ఇల్లే మునిగితే ఒక్కటీ దక్కదు.

పీటర్ క్రోగ్ అనే అమెరికా ఫొటోగ్రాఫరు ప్రచారంలోకి తెచ్చిన సూత్రం ఒకటి ఉంది. మూడు ప్రతులు ఉండాలి. రెండు రకాల సాధనాల మీద ఉండాలి. అందులో ఒకటి ఇంటి బయట ఉండాలి. గూగుల్ వారు 2021 జూన్ ఒకటి నుంచి ఫొటోలకు హద్దులేని ఉచిత చోటు ఆపేశారు. పదిహేను గిగాబైట్లు దాటితే డబ్బు కట్టాలి. కట్టగలిగినవారికి ఆ మూడో ప్రతి అక్కడ ఉండవచ్చు. లేనివారికి వియ్యాలవారి బీరువా ఉంది.

బీరువాలో పెట్టి మరచిపోతే కుదరదు. మా మూడో డిస్కు నెలకొకసారి వచ్చి, కొత్త సరుకు ఎక్కించుకుని, రావులపాలెం తిరిగి వెళుతోంది. వచ్చినప్పుడల్లా నాలుగు ఫైళ్లు తెరిచి చూస్తాం. తెరిచి చూడని నకలు ఉన్నా లేనట్లే.

రైతు ఇంట్లో తిండిగింజలు గాదెలో పోస్తారు. విత్తనాలు మాత్రం వేరుగా దాస్తారు. గాదెకు ఎలుక పట్టినా, తడి తగిలినా మరుసటి ఏరువాకకు ఆధారం ఉండాలని. ఉమ్మడి పెట్టె మన గాదె. అది ఉండవలసిందే. రోజూ తీసుకునేది, పోసేది అందులోనే. బీరువాలోని డిస్కు విత్తనాల మూట.

ఈ ఆదివారం తీరిక చేసుకుని మీ ఇంట్లో ఏ కాగితం, ఏ ఫొటో, ఎవరి గొంతు ఎక్కడుందో ఒకసారి లెక్క చూసుకోండి. ఒక్కచోటే ఉన్నది ఏదైనా కనిపిస్తే, పెట్టె తయారయ్యేదాకా ఆగకుండా ఆ రోజే దానికి రెండో చోటు చూడండి.